మా మామయ్య చేతుల ఉపవాసం

ఈ సభను నడిపిస్తున్న మన విశ్రాంత హెడ్మాస్టరుగారికి, వేదిక మీదున్న సంఘ పెద్దలకు, ఇవాళ మనం మెచ్చుకుంటుంటే వినలేక ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్న, ఈ ఊరు వదిలి వెళ్తున్న మన పాస్టరు అయ్యగారికి, ఆయన పక్కనే ఎప్పటిలాగే గడియారం వంక చూస్తున్న అమ్మగారికి, ఎదురుగా ఉన్న అన్నలకు, అక్కలకు, పిల్లలకు, తలుపు దగ్గర నిలబడి 'లోపలికి రండి' అంటే 'ఇక్కడే గాలి బాగుంది' అంటున్న నా బంధువులకు, అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

నన్ను ఎరగనివాళ్ళు ఎవరైనా ఉంటే, నేను ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే మనిషిని. ఈ హాల్లో సగం మందికి నా మొహం కన్నా నా సూదే ఎక్కువ గుర్తు. అదిగో, పాటల మాస్టారు అప్పుడే చొక్కా చేతులు కిందికి దించుకుంటున్నారు. (నవ్వులు) భయపడకండి మాస్టారూ, ఇవాళ నా చేతిలో మైకు తప్ప ఏమీ లేదు. అధ్యక్షులవారు నన్ను పిలుస్తూ 'క్లుప్తంగా అమ్మా' అన్నారు. ఆయన ప్రారంభోపన్యాసం విన్నాక కూడా ఆ మాటకి అర్థం నాకు బోధపడలేదు గనక, నాకు తోచినంతసేపు మాట్లాడతాను. (నవ్వులు)

అయ్యగారి గురించి చెప్పాల్సినవి చాలామంది చెప్పేశారు. పైకప్పు వేయించారన్నారు, పాటల బృందాన్ని నిలబెట్టారన్నారు, జ్వరం వచ్చిన ఇంటికి డాక్టరు కన్నా ముందు వెళ్ళేవారన్నారు. అన్నీ నిజమే. నన్ను మాత్రం శ్రమల దినాల గుంపుల గురించి చెప్పమన్నారు. పునరుత్థాన పండుగకి ముందు వచ్చే ఆ నలభై రోజుల్లో, వారానికో సాయంత్రం ఒక్కో వీధివాళ్ళు ఒక్కో చోట చేరి వాక్యం చదువుకుని, మాట్లాడుకుని, ప్రార్థన చేసుకుని లేచే ఆ గుంపులు అయ్యగారు రాకముందూ ఉన్నాయి. కాకపోతే అప్పుడు అవి గుంపులు కావు, పోటీలు. ఒకరు మాంసం మానేశామనేవారు, ఇంకొకరు టీ మానేశామనేవారు, మూడో ఆయన లేచి, మాంసం టీ రెండూ మానేసి టీవీ కూడా కట్టేశామనేవారు. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకుండా ఉంచడం మాట దేవుడెరుగు, వీధి చివర కొట్టువాడికి కూడా తెలిసేది.

మా వీధి గుంపు కూర్చునేది మా వడ్రంగి షెడ్డులో. మా మామయ్యా, ఆయన కొడుకు మా ఆయనా పనిచేసే షెడ్డు అది. అందరికీ సరిపడా కుర్చీలున్న చోటు మా వీధిలో అదొక్కటే, ఎందుకంటే మీరు చేయించుకున్న కుర్చీలన్నీ మీ ఇంటికి రాకముందు అక్కడే ఉండేవి. మీకన్నా ముందు వాటి మీద కూర్చుని ప్రార్థన చేసింది మేమే. కొనుక్కున్నవాళ్ళు దాన్ని ఆశీర్వాదం అనుకోవాలని మనవి. (నవ్వులు)

అయ్యగారు వచ్చిన తొలి ఏడాది, తొలి సాయంత్రం, మా షెడ్డుకే వచ్చారు. చిత్రిక పట్టిన పొట్టు ఆయన జోళ్ళకి అంటుకుంది. మేం వరసగా ఎవరేం మానేస్తున్నామో చెప్పుకుంటూ వచ్చాం. బస్సు డ్రైవరన్న వంతు వచ్చింది. ఆయన టీ మానేస్తానన్నారు. ఆయన భార్య, మా గుంపులో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి, నేల వంక చూస్తూ అంది, "అయ్యగారూ, ఈయన టీ మానేస్తే ఉపవాసం ఈయనది, శిక్ష మాది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇంట్లో చిందులే. దేవుడికి ఇష్టమేమో గానీ, మాకు మాత్రం పండగెప్పుడొస్తుందా అని ఉంటుంది."

మేమంతా నవ్వాం. అయ్యగారు నవ్వలేదు. "అయితే అమ్మా, ఆయన ఏం మానేస్తే మీకు బాగుంటుంది?" అని అడిగారు.

ఆవిడ తల ఎత్తి భర్త వంక చూసింది. తరవాత, "రోడ్డు మీద ఎవరిమీదో వచ్చిన కోపాన్ని ఇంటిదాకా తేకుండా ఉంటే చాలండీ" అంది. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. డ్రైవరన్న తల దించుకుని, "సరే, అదే మానేస్తా" అన్నారు. ఆ ఏడాది ఆయన డ్యూటీ దిగాక సరాసరి ఇంటికి రాకుండా, వీధి మొదట్లో అరుగు మీద కాసేపు కూర్చుని, కోపం దిగాక లేచి ఇంటికి వెళ్ళడం మనమంతా చూశాం. ఇప్పటికీ ఆ అరుగుని పిల్లలు డ్రైవరుమామ డిపో అంటారు. (నవ్వులు)

మన సంఘం అలవాటు అలా మొదలైంది. నీ ఉపవాసం నువ్వు ఎంచుకోకూడదు. నీతో ఒకే కప్పు కింద బతుకుతున్నవాళ్ళని వెళ్ళి అడగాలి. ఒంటరిగా ఉంటే పక్కింటివాళ్ళని అడగాలి. వాళ్ళు చెప్పింది ఎదురు మాట్లాడకుండా ఒప్పుకోవాలి. వినడానికి తేలికే. అడిగి చూడండి, గొంతులో వెలక్కాయ పడుతుంది.

అధ్యక్షులవారికి వాళ్ళావిడ చెప్పిన ఉపవాసం ఏంటో చెప్పమంటారా సార్? వద్దంటున్నారు. సరే. ఎవరైనా ఆలస్యంగా వస్తే గడియారం చూసి గట్టిగా నిట్టూర్చకూడదని. చెప్పేశాను, ఏం చేస్తారు? (నవ్వులు, చప్పట్లు) నాకు మా ఆయన చెప్పింది, ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండా నేనే పూర్తి చెయ్యకూడదని. అది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదని అయ్యగారే తేల్చి, నాకు గడువు పొడిగించారు. ఇక అయ్యగారికి అమ్మగారు ఇచ్చింది, భోజనం దగ్గర సంఘం మాట ఎత్తకూడదని. మొదటి వారమంతా ఇద్దరూ గోడలు చూస్తూ తిన్నారట, ఆయన దగ్గర వేరే కబుర్లే లేవట! రెండో వారం ఏమీ తోచక, "నువ్వు చిన్నప్పుడు బడికి ఏ దారిలో వెళ్ళేదానివి?" అని అడిగారట. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అడిగారమ్మా అని అమ్మగారు నాకు చెప్పి నవ్వారు. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నారు. అమ్మగారూ, ఈ మాట బయటపెట్టినందుకు ఏమీ అనుకోకండి, రేపట్నుంచి మీరు నాకు దొరకరు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఇది చెప్పమని మా మామయ్యే అన్నారు. "అడిగినవాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పలేక చస్తున్నా, నువ్వే మైకులో చెప్పెయ్యమ్మా" అన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన ఆయనే. పక్కనున్నది మా ఆయన.

మా మామయ్య చేతి పని గురించి ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మాట మాత్రం పొదుపు. 'ప్రభువు కూడా మాలాగే వడ్రంగి పనివాడే' అని ఏడాదికోసారి గర్వంగా అంటారు, అదే ఆయన పెద్ద ఉపన్యాసం. మా ఆయన ఆయన దగ్గరే పని నేర్చుకున్నారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నది ఏంటంటే, మా ఆయన సాయంత్రం ఒక బల్లో, సొరుగో పూర్తిచేసి 'అయిపోయింది' అని తాళం వేసి వస్తారు. తెల్లారకముందే మా మామయ్య లేచి వెళ్ళి దాన్ని మళ్ళీ చేస్తారు. ఒక్క మాట అనరు, తిట్టరు, వంక పెట్టరు. పొద్దున్న చూస్తే సొరుగు ఇంకాస్త నున్నగా ఉంటుంది, కింద కొత్త పొట్టు ఉంటుంది. మా ఆయన ఆ పొట్టు ఊడ్చి పారేసి, ఇంకో పని మొదలుపెడతారు.

ఒకరోజు నాతో అన్నారు, "తిట్టినా బాగుండేది. తిడితే నా పని చూసినట్టు. ఇది నేనసలు ఏమీ చెయ్యనట్టే ఉంది." ఆ తరవాత కొన్నాళ్ళకి, పండుగ అయిన మర్నాడు దూరంగా ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో చేరుతున్నానని చెప్పారు. నాన్నకి చెప్పొద్దన్నారు. నేను ఆ మాటని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నాలాంటిదానికి అది ఎంత కష్టమో మీకు తెలుసు. అయ్యగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన విని, "ప్రార్థన చేద్దాం" అన్నారు. నేను మనసులో, 'ఈయన దగ్గర అంతకన్నా మందేం లేదు కాబోలు' అనుకున్నాను.

ఆ ఏడాది ఉపవాసాలు అడిగే సాయంత్రం వచ్చింది. మా అత్తయ్య లేరు. కొడుకుని అడగడానికి మామయ్యకి నామోషీ. గుంపు మధ్యలో నా వైపు తిరిగి, "నువ్వే చెప్పమ్మా" అన్నారు. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. చెబితే పెద్దాయనకి నలుగురిలో చిన్నతనం, చెప్పకపోతే పండుగ మర్నాడు మా ఆయన వెళ్ళిపోతారు. అయినా నోరు తెరిచాను. "మామయ్యా, మీ అబ్బాయి 'అయిపోయింది' అన్నదాన్ని మీరు ముట్టుకోకండి" అన్నాను.

ఆయన నా వంక చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. "అన్నం మానెయ్యమన్నా మానేసేవాణ్ణమ్మా" అన్నారు. కానీ ఒప్పుకున్నారు.

మొదటి రోజుల్లో ఆ చేతులు పడ్డ పాట్లు చూడాలి! జేబుల్లో పెట్టుకునేవారు, వెనక్కి కట్టుకునేవారు, కూర్చుంటే తొడల కింద దాచుకునేవారు. అలవాటైన చేతులు ఊరుకుంటాయా? ఇంట్లో కనపడ్డ చెక్కనల్లా పట్టుకున్నారు. గరిటె పిడి, గొడుగు పిడి, మంచం కోడు, దేన్నీ వదల్లేదు. చీపురు కర్ర ఎంత నున్నగా తయారైందంటే, ఊడుస్తుంటే చేతిలోంచి జారి పక్కింటి గుమ్మంలో పడేది. (నవ్వులు)

అంతలో ఆదివారం వచ్చింది. ఆ ముందు వారమే అయ్యగారు ప్రసంగంలో, నలభై రోజుల లెక్కలో ఆదివారాలు రావు, అవి పండుగ రోజులు, ఆ రోజు ఉపవాసం లేదు అని వివరించారు. మేమంతా చెవిలో వేసుకున్నాం, మా మామయ్య మాత్రం మనసులో వేసుకున్నారు. ఆరాధన అయి బయటికొచ్చి చూస్తే పెద్దాయన లేరు. షెడ్డుకి పరిగెత్తాను. చొక్కా మడిచి, ఆ వారం మా ఆయన చేసిన స్టూళ్ళన్నీ బోర్లించి, పండుగ చేసుకుంటున్నారు! "మామయ్యా!" అన్నాను. "ఆదివారం కదమ్మా, అయ్యగారే చెప్పారు" అన్నారు, చిత్రిక ఆపకుండానే. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

నేను రుసరుసలాడుతూ అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. మామయ్య నా వెనకాలే వచ్చారు, చెవి మీద పెన్సిలు అలాగే ఉంది. అయ్యగారు ఇద్దరి మాటా విన్నారు. "లెక్క ప్రకారం మీరు చేసింది తప్పు కాదు పెద్దయ్యా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తరవాత నెమ్మదిగా అన్నారు, "ఆదివారం ముట్టుకోండి. కాకపోతే అబ్బాయి అక్కడ నిలబడి చూస్తుండగా ముట్టుకోండి." అంతే, లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మాటతో మామయ్య చేతులు కట్టేసినట్టయింది. చాటున ఇన్నేళ్ళు చేసిన పనిని కొడుకు కళ్ళెదుట చెయ్యమంటే చేతులు రావడం లేదు. తరవాతి ఆదివారం షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశారు. ఆ పై ఆదివారం కూడా అంతే.

ఇక పండుగ దగ్గర పడుతుండగా, బడికి ఇవ్వాల్సిన పుస్తకాల అలమర ఒకటి తయారైంది. మా ఆయన 'అయిపోయింది' అన్నారు. మర్నాడు బడివాళ్ళు తీసుకెళ్ళాలి. అది ఆదివారం మధ్యాహ్నం. మామయ్య అటుగా వెళ్ళి ఆగిపోయారు. తలుపు వేస్తుంటే కింద మూల రాసుకుంటోంది. చిత్రికతో నాలుగు సార్లు గీకితే పోతుంది. ఆయన వంటింట్లోకి వచ్చి నా ముందు నిలబడ్డారు. "అమ్మాయ్, తలుపు రాసుకుంటోంది" అన్నారు. "నాకెందుకు చెబుతున్నారు మామయ్యా, చేసినాయనకి చెప్పండి. ఆయన ఎదుట చేతులు రాకపోతే పోనీ, నోటికి ఉపవాసం లేదుగా" అన్నాను. ఆయన మొహంలో కంగారు చూసి జాలేసింది. ఉలి పట్టిన నాటి నుంచీ ఆ పని ఎప్పుడూ నోటితో చెయ్యలేదు.

అయినా వెళ్ళారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. తప్పే, కానీ నిలబడ్డాను.

"ఒరేయ్, ఆ తలుపు..." అని ఆగిపోయారు. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. "కింద... ఆ మూల... కాస్త గీకాలేమో." మా ఆయన తలుపు వేసి చూశారు, తీసి చూశారు, మోకాళ్ళ మీద కూర్చుని చూశారు, లేచి పైకి చూశారు. "కింద కాదు నాన్నా. పైన బందు లోపలికి కూర్చోలేదు. అందుకని తలుపు ఒరిగి కింద రాసుకుంటోంది. నేను సరిగ్గా చెక్కలేదు" అన్నారు. మరలు విప్పి, బందు కూర్చునే చోటు ఇంకాస్త లోతుగా చెక్కి, మళ్ళీ బిగించారు. తలుపు వేస్తే చప్పుడు లేకుండా పడింది.

మామయ్య ఆ తలుపు వంకే చూస్తూ, "నేనైతే కింద గీకేసేవాణ్ణిరా" అన్నారు.

మా ఆయన ఉలి పక్కన పెట్టి, "నాన్నా, పండగ మర్నాడు నేను ఫ్యాక్టరీలో చేరుతున్నా" అన్నారు.

"తెలుసు."

"ఎవరు చెప్పారు?" అంటూ మా ఆయన నా వైపు చూశారు. నేను చెప్పలేదని అందరి ముందూ ఇప్పుడు మళ్ళీ చెబుతున్నాను! (నవ్వులు)

"ఎవరూ చెప్పలేదు. గోడ మీద నీ ఉలులు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. నాకు కనపడదేంట్రా?" అన్నారు మామయ్య. గోడకున్న ఖాళీ మేకుల వంక చూస్తూ అన్నారు, "నేను ముట్టుకోకుండా ఉంటే నువ్వు ఉంటావేమో అనుకున్నా."

(నీళ్ళ గ్లాసు అందుకుని)

క్షమించండి.

మా ఆయన ఆ రోజు ఏమీ జవాబివ్వలేదు. పండుగ దాకా కూడా ఇవ్వలేదు. నేను అడగలేదు, మామయ్య అడగలేదు. శుభ శుక్రవారం ఆరాధనలో ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నేను ప్రార్థించానో, దేవుడితో పోట్లాడానో నాకే తెలీదు. పండుగ మర్నాడు మా ఆయన అందరికన్నా ముందు లేచి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరారు. వీధిలోకి వెళ్తారనుకున్నాను. షెడ్డు తాళం తీసిన చప్పుడు వినపడింది. ఆయన సంచీలోంచి ఉలులు ఒక్కొక్కటే తీసి గోడకి తగిలిస్తుంటే, మామయ్య గుమ్మం బయటే నిలబడి, "ఒరేయ్, లోపలికి రావచ్చా?" అని అడిగారు. ఆ షెడ్డు కట్టింది ఆయనే.

అయ్యగారూ, ఇదంతా మీరు చేశారని నేను అనను. అంటే మీరు వెంటనే పైకి వేలు చూపిస్తారు. మీరు మాకు పెద్ద పెద్ద ప్రసంగాలు చేశారు. నిజం చెప్పాలంటే వాటిలో సగం మరిచిపోయాం. కానీ ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి, 'నేనేం మానేస్తే నీకు బాగుంటుంది?' అని అడిగే ధైర్యం మాకు నేర్పారు. దేవుడి దగ్గరికి వెళ్ళే దారి మా వంటింట్లోంచి, మా షెడ్డులోంచే పోతుందని మాకు తెలిసింది అప్పుడే. మీరు వెళ్ళిపోతుంటే బాధగా ఉంది. మర్యాదకి అంటున్న మాట కాదు. ఈ వారమంతా నేను ఆసుపత్రిలో సూది గుచ్చుతూ ఎవరైనా 'అబ్బా' అంటే, వాళ్ళకన్నా ముందు నాకే ఏడుపు వచ్చేది.

మీ తరవాత ఈ గుంపులు నడపమని పెద్దలు నాకు అప్పగించారు. భయంగా ఉంది. నాకు వాక్యజ్ఞానం తక్కువ, నోరు ఎక్కువ. కానీ వచ్చే శ్రమల దినాలకి ఇంకో రెండు వీధులవాళ్ళు మేమూ కూర్చుంటామని ఇప్పటికే అడిగారు. పెళ్ళికాని నర్సమ్మాయిలు ఉండే హాస్టలు నుంచి కూడా అడిగారు. ఒకే గదిలో నలుగురు ఉంటారట, ఒకళ్ళ ఉపవాసం ఒకళ్ళు చెప్పుకోవడానికి నోళ్ళు దురదపెడుతున్నాయట. దేవుడే వాళ్ళని కాపాడాలి. (నవ్వులు) అంతా బాగానే జరుగుతుందని నా నమ్మకం.

చివరగా ఒక్క మాట. అయ్యగారూ, మీ పుస్తకాలు అట్టపెట్టెల్లో పెట్టి, తాడు కడుతున్నారని విని, మా మామయ్యా, మా ఆయనా కలిసి మీకొక చెక్కపెట్టె చేశారు. అదిగో, వేదిక పక్కన గుడ్డ కప్పి ఉన్నది అదే. ఎవరు ఏ భాగం చేశారో నాకు తెలియాలని, నిన్న మధ్యాహ్నం మామయ్యని అడిగాను. "ఈ మూల మీరు చేశారా, ఆయన చేశారా?" ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. వంగి చూశారు. పెట్టె చుట్టూ తిరిగి చూశారు. నాలుగు మూలలూ వేలితో తడిమారు, కొడుకు పక్కనే నిలబడి చూస్తుండగానే. చివరికి నడుం పట్టుకుని లేచి, "తెలీటంలేదమ్మా" అన్నారు. జీవితంలో మొదటిసారి తన పని తనకే ఆనవాలు పట్టలేకపోయిన ఆ మనిషి అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

అయ్యగారూ, అమ్మగారూ, మీ ఇద్దరికీ మా వీధి తరఫున, మా షెడ్డు తరఫున, మా ముగ్గురి తరఫున కృతజ్ఞతలు. ఓపిగ్గా విన్న మీ అందరికీ, ఒక్కసారి కూడా నిట్టూర్చని అధ్యక్షులవారికీ నమస్కారాలు. దేవుడు మీ దారంతా మీకు తోడుండును గాక. సెలవు.